పాత మోపెడ్డును ఇంటనే బాగుచేయుట

మోపెడ్డు అను మాట 1952లో స్వీడను దేశమున పుట్టినది. మోటారు, పెడలు అను రెండు మాటలను అతికి ఒక పత్రికా రచయిత దానిని కల్పించెను. పేరునకు తగినట్లే అది సగము సైకిలు, సగము మోటారు బండి. పెట్రోలు అయిపోయినచో త్రొక్కుకొని యిల్లు చేరవచ్చును. ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ సంస్థ 1949లో ఆరంభించిన మోబిలెట్ బండ్లు అనేక దేశములకు వ్యాపించినవి. ఆ సంస్థ సహకారముతోనే మన తిరుపతిలో సువేగా మోపెడ్లు తయారైనవి. 1972లో పూనా కైనెటిక్ వారి లూనా వచ్చెను. 1980లో మన హోసూరునుండియే టీ.వీ.యస్. 50 వెలువడెను. ఇద్దరు కూర్చుండి పోదగిన మోపెడ్లలో ఈ దేశమున అదియే మొదటిది. ఆనాటికి హోసూరు ధర్మపురి జిల్లాలోనిది. కృష్ణగిరి జిల్లా ఏర్పడినది 2004లో.

పూలబుట్టలు, పాలక్యానులు, కూరగాయల మూటలు మోసి మన ప్రాంతపు కుటుంబములను పోషించిన బండి యిది. నేడు చాల యిండ్లలో పెరటి గోడకు చేరగిలబడి యున్నది. పాత ఇనుము కొనువాడు తూకము వేసి తీసికొనిపోవుటకు సిద్ధముగానే యుండును. అట్లు పంపక ముందు, దానిని ఇంటనే బాగుచేయ వీలగునా, ఎంతవరకు మార్చవచ్చును, ఎక్కడ చేయి పెట్టరాదు అను సంగతులను ఇచట వివరింపదలచితిమి. మేమనగా ఈ వ్యాసము వ్రాయు తండ్రియు, తొమ్మిదవ తరగతి చదువు కుమార్తెయు. మేము పని చేసినది 1984లో మా తాతగారు కొనిన టీ.వీ.యస్. 50. ఆయన ఎన్నో యేండ్లు దానిమీద గులాబీలు మార్కెటునకు చేరవేసిరి.

మొదట చేపట్టవలసినది పానా కాదు, కాగితములు. రిజిస్ట్రేషను పుస్తకమందలి ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండిమీది అంకెలతో పోల్చి చూడవలెను. 1989 కు పూర్వపు బండ్లకు మూడు ఇంగ్లీషు అక్షరములతో మొదలగు పాత నంబరే యుండును. అది తప్పు నంబరు కాదు. మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ తరువాత అయిదేండ్లకొకసారి పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. కాగితములు లేని బండికి వేల రూపాయలు పోసి మెరుగు పెట్టినను వీధిలో నడుపుటకు వీలులేదు. తల్లిదండ్రులు దీనిని ముందుగానే తేల్చుకొనుట మంచిది. విప్పుటకు ముందు నలుప్రక్కలను ఫోటోలు తీయవలెను. తీసిన ప్రతి మరను, ప్రతి నట్టును వేరు వేరు డబ్బాలలో వేసి, ఎక్కడిదో చీటీ వ్రాసి యుంచవలెను. ఈ చీటీలు మా అమ్మాయి తెలుగుననే వ్రాసినది. ఇచటి వర్కుషాపులలో వినబడు మాటలు తమిళము, కన్నడము, ఇంగ్లీషు కలిసినవి. మన పిల్లలు సైన్సు పుస్తకమున చదువునవి పీడనము, ఘర్షణ, ప్రేరణ అను మాటలు. పాయింట్లు, మాగ్నెటు, జెట్టు అను వర్కుషాపు మాటలకును పుస్తకపు మాటలకును ఉన్న సంబంధము బండి విప్పినప్పుడే తెలియును.

ఇంజను లోపలి వ్యాపారము తెలిసికొననిదే దానిని విప్పరాదు. పాఠ్యపుస్తకములలో చూపు నాలుగు ఘాతముల ఇంజనునకు తలుపులవంటి వాల్వులుండును. ఈ పాత మోపెడ్ల ఇంజను రెండు ఘాతములది. సిలిండరు గోడకు ద్వారములు మాత్రమే కలవు. పిస్టను తానే పైకి పోవుచు, క్రిందికి దిగుచు వానిని మూయుచు తెరచుచుండును. పైకి పోవునపుడు రెండు పనులు ఒక్కసారిగా జరుగును. పైన పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము నొక్కబడును. క్రింద క్రాంకు గదిలో పీడనము తగ్గి, కార్బొరేటరునుండి క్రొత్త మిశ్రమము లోనికి వచ్చును. ప్లగ్గున నిప్పురవ్వ పడగానే పైమిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. అది దిగునపుడు మొదట పొగ పోవు ద్వారము తెరచుకొనును. పిమ్మట ప్రక్కద్వారములు తెరచుకొనగా, క్రింద నొక్కబడియున్న క్రొత్త మిశ్రమము పైకి వచ్చి మిగిలిన పొగను బయటికి నెట్టును. ఇంజను ఒక చుట్టు తిరుగుసరికి ఒక నిప్పురవ్వ పడవలెను. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో సెకనుకు 50 నిప్పురవ్వలన్నమాట. అదే వేగమున నాలుగు ఘాతముల ఇంజనునకు 25 చాలును.

ఇంత తెలిసినచో బండి జబ్బులు సగము తెలిసినట్లే. క్రాంకు గది నిండ మిశ్రమమే యుండుటచేత అచట విడిగా నూనె పోయుటకు చోటు లేదు. కావున నూనెను పెట్రోలులోనే కలిపి పంపవలెను. లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల నూనె కలిపినచో 25కు ఒక పాలు. 20 మిల్లీలీటర్లయినచో 50కి ఒక పాలు. తమ బండికి ఏ పాలు తగునో దాని చేతిపుస్తకము చూచి కలుపవలెను. తక్కువయైనచో పిస్టను సిలిండరునకు పట్టుకొనిపోవును. ఎక్కువయైనచో పొగయు మసియు పెరుగును. క్రాంకు గదికి గాలి చొరరాదు. రెండు ప్రక్కలనున్న రబ్బరు సీళ్ళు ఎండి పగిలినచో గాలి లోనికి పోయి, మిశ్రమము పలుచనై, ఇంజను మిక్కిలి వేడెక్కును. ఏండ్ల తరబడి నిలిచిన బండికి ఈ సీళ్ళు క్రొత్తవి వేయుట తప్పదు. క్రొత్త మిశ్రమములో కొంత మండకుండగనే పొగతో బయటికి పోవుట ఈ ఇంజనుకు పుట్టుకతో వచ్చిన లోపము. గాలిని చెరచుటకు ఇది ముఖ్య కారణము. 2015లో వచ్చిన టీ.వీ.యస్. ఎక్స్.ఎల్. 100కు నాలుగు ఘాతముల ఇంజను పెట్టిరి. కావున బాగుచేసిన పాత బండిని దినమంతయు ఊరిలో త్రిప్పుట మాకు సమ్మతము కాదు. అప్పుడప్పుడు నడిపిన చాలును.

ఇక నిప్పురవ్వ. చక్రమువలె తిరుగు మాగ్నెటులో అయస్కాంతములున్నవి. అవి తీగచుట్ట ముందు తిరుగుటవలన చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ యిదియే. ఆ విద్యుత్తు ప్రవహించుచుండగా పాయింట్లు అను రెండు చిన్న లోహపు మొనలు సరియైన క్షణమున విడిపోవును. ప్రవాహము తటాలున ఆగుటచేత రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనము పుట్టి, ప్లగ్గు మొనల నడుమ రవ్వయై దూకును. నిలిచిన బండిలో ఈ పాయింట్లమీద సన్నని పొర కట్టును. నూటికి ఎన్ని బండ్లు ఈ కొంచెపు కారణముచేతనే మూలబడియున్నవో కదా! సన్నని ఆకురాయితో మెల్లగా రుద్ది, శుభ్రమైన అట్టముక్కను నడుమ నుంచి లాగినచో పొర పోవును. పాయింట్లు పూర్తిగా విడిపోయినపుడు వాని నడుమ ఎడము సాధారణముగా 0.3 నుండి 0.5 మిల్లీమీటరు లోపల నుండును. దీనిని కంటితో అంచనా వేయరాదు. ఎడము కొలుచు రేకులు అంగడిలో దొరకును. తరువాతి కాలపు బండ్లలో పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చినది. వానికి ఈ పని లేదు. మాగ్నెటు చక్రమును ఊడదీయుటకు దానికి తగిన పుల్లరు వాడవలెను. సుత్తితో కొట్టినచో క్రాంకు వంగును. మా బండికి సీళ్ళు, పాయింట్లు, రింగులు బెంగుళూరు జే.సీ. రోడ్డు అంగళ్ళలో దొరికినవి.

రవ్వ పడుచున్నదో లేదో చూచుటకు ప్లగ్గును తీసి, దాని తొడుగునకు మరల తగిలించి, ప్లగ్గు ఒడలు ఇంజను లోహమునకు ఆనునట్లు పెట్టి పెడలు త్రిప్పవలెను. నీడలో చూచినచో నీలి రవ్వ కనబడును. ఆ సమయమున దగ్గర పెట్రోలు ఉండరాదు. ప్లగ్గును వట్టి చేతితో పట్టుకొనరాదు.

కార్బొరేటరు జబ్బు వేరు. నిలువయున్న పెట్రోలు ఆవిరియై పోగా మిగిలిన జిగురు, జెట్టు అను సన్నని రంధ్రమును మూసివేయును. దానిలో సూది గాని, తీగ గాని గ్రుచ్చరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను మిశ్రమపు కొలత చెడిపోవును. శుభ్రమైన ద్రావకములో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టినచో తెరచుకొనును. ఇచట నేటి కాలపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. పాత బండ్ల రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికై చేసినవి కావు. అవి ఉబ్బి మెత్తబడును. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నీరెక్కువైనచో అది పెట్రోలునుండి విడిపోయి టాంకు అడుగున చేరును. ఇట్టి పెట్రోలునకు తట్టుకొను గొట్టములు వేయవలెను. బండిని నెలల తరబడి నిలుపవలసినచో టాంకును, కార్బొరేటరును ఖాళీ చేయవలెను.

సిలిండరు తలలోను, పిస్టను నెత్తిమీదను పేరుకొనిన మసిని వెదురుబద్దతో గీకవలెను. అవి అల్యూమినియముతో చేసినవి. ఇనుప పనిముట్టు తగిలిన గీతలు పడును. సైలెన్సరు లోపలి గొట్టమున మసి పూడినచో బండి ఎంత త్రిప్పినను వేగమందుకొనదు. కొందరు మెకానికులు దానిని కాస్టిక్ సోడాలో నానబెట్టుదురు. ఇనుప సైలెన్సరుకది చెల్లును గాని, అల్యూమినియమును సోడా తినివేసి హైడ్రోజను వాయువును పుట్టించును. సోడా కంటబడినచో చూపే పోవును. కావున ఆ పని పిల్లలు చేయరాదు, మేమును చేయలేదు.

పెట్రోలు టాంకు విషయమున మరింత హెచ్చరిక అవసరము. నిండు టాంకుకంటె ఖాళీ టాంకు ప్రమాదకరము. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి తుపాకిమందువలె ప్రేలును. పొక్కి చిల్లిపడిన టాంకును ఇంట అతుకు పెట్ట యత్నింపరాదు. లోపల తుప్పు మాత్రమే యున్నచో, మిగిలిన పెట్రోలును పెద్దలు ఆరుబయట వంపివేసి, పొయ్యికి దూరముగా టాంకును బాగుగా ఆరనిచ్చి, వెనిగరు పోసి ఒక దినముంచవలెను. చింతపండు పులుసు రాగిబిందె చిలుమును వదల్చునట్లు వెనిగరులోని ఆమ్లము తుప్పును కరగించును. పిమ్మట వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే ఎండబెట్టి, లోపల కొంచెము నూనె త్రిప్పవలెను. తడి యినుము గంటలలో మరల తుప్పెక్కును.

చక్రములు, చెయిను సైకిలు పనియే. తెలియని యిల్లు లేదు. బ్రేకులు విప్పునపుడు మాత్రము అందలి ధూళిని నోటితో ఊదరాదు. ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు వాడుచుండిరి. అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. దీపముల బల్బులు మార్చునపుడు పాత బల్బుమీది వోల్టు, వాటు అంకెలు చూచి సరిగా అవే వేయవలెను. మాగ్నెటు విద్యుత్తుతో నేరుగా వెలుగు దీపములలో ఒకటి మాడినచో, దాని వంతు పీడనము తక్కినవానిమీద పడి అవియు మాడును. ఒక బల్బు పోయిన రాత్రియే రెండవదియు పోవుటకు దయ్యము కారణము కాదు.

ఇంతవరకు పనిలో మా యింట భేదాభిప్రాయము రాలేదు. రంగు దగ్గర వచ్చినది. వెనుక మడ్గార్డుమీద మా తాతగారు తన తల్లి పేరును తెలుగు అక్షరములలో వ్రాయించుకొనియుండిరి. బోర్డులు వ్రాయు పెయింటరు కుంచెతో వ్రాసిన గుండ్రని అక్షరములవి. తలకట్లు పసుపురంగు, వాని నీడలు నలుపు. ఒకటి రెండక్షరములు సగము చెరిగినవి. మా బజారులో అంగడి బోర్డులన్నియు తమిళము, ఇంగ్లీషు, కొన్ని కన్నడము. ఆ రోజులలో వ్రాసిన తెలుగు చేతివ్రాత వీధిలో వెదకినను కానరాదు. బండి నిగనిగలాడవలెనన్నచో రంగంతయు గీకి ఎఱ్ఱరంగు కొట్టవలెను. అప్పుడు ఆ పేరు పోవును. పేరును క్రొత్తగా వ్రాయింపవచ్చును గదా యని మా అమ్మాయి అడిగినది. వ్రాయింపవచ్చును, కాని అది మరియొకరి చేతివ్రాత అగును. తాతగారు చూచి మెచ్చిన వ్రాత అది కాదు. వారము దినములు ఆలోచించి ఆమెయే తేల్చినది: తుప్పు తినివేసిన ముందు మడ్గార్డునకు, చక్రపు రిమ్ములకు, స్టాండునకు క్రొత్త రంగు, వెనుక మడ్గార్డును సబ్బునీటితో కడిగి, మైనము పూసి అట్లే యుంచుట. ముందుభాగము క్రొత్తది, వెనుకభాగము పాతది అయి బండి చూచుటకు కొంత వింతగా నున్నది. దారిని పోవువారు ఎందుకట్లని అడుగుదురు. అడుగనిండు.

ఉప్పు కాగితముతో రుద్దునపుడు ఇంజనుమీదను, ఛాసిస్‌మీదను ఉన్న నంబర్లను తాకరాదు. అవి చెరిగినచో బండి దొంగసొత్తని అనుమానింతురు. బండి రంగును మార్చదలచినచో రిజిస్ట్రేషను కార్యాలయమున ముందుగా విచారించుకొనుట మేలు, రంగు పేరు అందలి పుస్తకములో నుండును.

ఇష్టప్రకారము మార్పులు చేయు ఉత్సాహము కుఱ్ఱవాండ్రకు సహజము. వానిలో తిరిగి తీసివేయ వీలగునవి కొన్ని, వీలుకానివి కొన్ని. రెక్సిను సీటు తొడుగు, క్రొత్త హాండిలు పిడులు, ఉన్న రంధ్రములకే బిగించు సామాను కారియరు, ముందు కట్టు వెదురు బుట్ట, వీనివలన నష్టము లేదు. తీసిన పాత భాగమును చీటీ కట్టి దాచినచో రేపు మరల పెట్టవచ్చును. ఛాసిస్‌ను కోయుట, సిలిండరును తొలిచి పెద్దది చేయుట, చప్పుడు కొరకు సైలెన్సరు లోపలి గొట్టమును తీసివేయుట వేరు జాతివి. 1988 నాటి చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట కూడదు. పెడళ్ళను తీసివేసినచో బండి తేలికగును గాని, దీనిని కదిలించి ఇంజను మొదలుపెట్టునవి ఆ పెడళ్ళే.

ఇందు పిల్లలు గమనింపవలసినది మరియొకటి. 50 సీ.సీ. మించని గేరులేని బండిని 16 ఏండ్లు నిండినవారు, తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారముతో లైసెన్సు పొంది నడుపవచ్చును. సిలిండరును పెంచినచో ఆ సౌకర్యము పోవును. లైసెన్సు లేక పిల్లలు నడిపినచో 2019 సవరణ ప్రకారము శిక్ష తల్లిదండ్రులకు గాని, బండి యజమానికి గాని పడును: మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. మా అమ్మాయి బండిని పూర్తిగా విప్పి బిగింపగలదు. నడుపుటకు మాత్రము రెండేండ్లు ఆగవలెను. అందుకు ఆమెకు కోపముగానే యున్నది.

50 ఏండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వము వేరు నిబంధనలు చేసినది. వానిని వింటేజి వాహనములుగా నమోదు చేసి, వీ.ఏ. అను అక్షరములు గల నంబరు ఇత్తురు. అయితే బండి తన మొదటి రూపమున నుండవలెను. ఇంజనునకు, ఛాసిస్‌కు పెద్ద మార్పులు జరిగియుండరాదు. సంపాదన కొరకు నడుపరాదు. తొలినాటి సువేగాలు ఇప్పటికే ఈ వయస్సునకు వచ్చినవి. మొదటి టీ.వీ.యస్. 50లు 2030లో వచ్చును. నేడు ఛాసిస్ కోసిన బండికి నాడు ఆ నమోదు దొరకదు.

అన్నియు బిగించిన పిమ్మట మొదటిసారి ఇంజనును ఆరుబయటనే మొదలుపెట్టవలెను. మూసిన గదిలో పొగలోని కార్బను మోనాక్సైడు ప్రాణము తీయును. వాసన ఉండదు గనుక దాని రాక తెలియదు. బండిని స్టాండుమీద నిలిపి, వెనుక చక్రమునకు చీరకొంగులు, లంగాలు తగులకుండ చూచి, పెడలు త్రొక్కవలెను. అయిదు నిమిషములు నడిపి ఆపి, పూర్తిగా చల్లారిన తరువాత సిలిండరు తల నట్లను మరల బిగింపవలెను. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించునపుడు అవి వదులగును. క్రొత్త రింగులు వేసినచో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పెద్దవారు మెల్లగా, బరువు లేకుండ నడుపవలెను.

కొంత దూరము పోయివచ్చిన తరువాత ప్లగ్గును విప్పి చూడుడు. మొన తెల్లగా నున్నచో మిశ్రమము పలుచనైనది, లేక ఎక్కడనో గాలి చొరబడుచున్నది; వెంటనే ఆపి వెదకవలెను. తడిగా, నల్లగా నున్నచో పెట్రోలో, నూనెయో ఎక్కువైనది. వేయించిన వేరుసెనగ పొట్టు రంగున నున్నచో సరిగా నున్నది. మా బండి ప్లగ్గు మొదటి దినమున నల్లగా నుండెను. జెట్టు సూదిని ఒక గాటు దింపగా, మూడవ దినమునకు పొట్టు రంగునకు వచ్చినది.